చోడి అని వెతికితే చీడ: ఒక ఓపెన్ సోర్స్ సెర్చ్ బగ్ కేస్ స్టడీ

విజయనగరం జిల్లాలో గజపతినగరం వైపు చిరుధాన్యాలు పండించే ఒక రైతు సంఘం ఉంది. చోడి (అంటే రాగి), సామ, కొర్ర, కొంత వరి వేస్తారు. ఏళ్ల తరబడి పోగుపడిన కాగితాలు వాళ్ల దగ్గర బీరువా నిండా ఉన్నాయి: వ్యవసాయ కరపత్రాలు, శిక్షణలో రాసుకున్న నోట్సు, మీటింగ్ మినిట్స్, ఏ ఊళ్లో ఎవరికి ఏ విత్తనం ఇచ్చారన్న లెక్కలు. వీటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, కావలసినప్పుడు మాట కొట్టి వెతుక్కునేలా చెయ్యమని అడిగారు. విజయనగరంలో ఉంటూ చిన్న సంస్థలకు ఇలాంటి పనులు చేసిపెట్టడమే నా వృత్తి.

డబ్బు పెట్టి కొనే స్థోమత సంఘానికి లేదు. ఆఫీసులో ఉన్నది ఒక పాత డెస్క్‌టాప్. నెట్ వస్తుంది, పోతుంది. అందుకని కాగితాలు భద్రపరిచే ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఎంచుకున్నాను. పైథాన్‌లో రాసింది, సమాచారమంతా ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఒక్క ఫైలుగా ఉంటుంది. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకుంటే బ్యాకప్ అయిపోయినట్టే. దాని పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఇది ఆ ఒక్క ప్రోగ్రాం జబ్బు కాదు, చాలాచోట్ల ఉన్నదే.

లక్షణాలు

సంఘంలో రికార్డులు చూసే అమ్మాయి నుంచి ఫోన్ వచ్చింది. "సార్, చోడి కొడితే చీడలొస్తన్నాయి. నేను తప్పు టైప్ చేస్తన్నానేటి?" పక్కన కూర్చున్న పెద్దాయన ఎవరో అందుకుని, "చోడికి చీడ తప్పదని కంప్యూటర్‌కీ తెలిసిపోనాది" అన్నారు.

నవ్వుకునేలా ఉన్నా ఆ ఫిర్యాదు చాలా కచ్చితమైనది. ఆఫీసుకు వెళ్లి కూర్చుంటే తప్పు ఎంత దూరం పాకిందో తెలిసింది. 'చోడి' అని వెతికితే చోడి ఉన్న కాగితాలు వస్తున్నాయి. వాటితోపాటు 'చీడ' ఉన్నవి, 'చెడు' ఉన్నవి, 'చూడండి' అని ఉన్న ప్రతి కరపత్రమూ వస్తున్నాయి. కరపత్రం అన్నాక 'ఫలానా పేజీ చూడండి' అని ఉండకపోదు కదా. 'నారు' వెతికితే 'నీరు' వస్తోంది. 'రాగి'కి 'రోగం', 'పులి'కి 'పొలం', 'పాలు'. 'వరి' కొడితే 'వర్షం', 'వరుస' అన్నీ దిగుతున్నాయి.

అదే 'విజయనగరం' అని వెతికితే సరిగ్గా విజయనగరమే వస్తోంది. 'చంపావతి' కూడా అంతే. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన చోడి రకాల్లో అదొకటి. పొడుగు మాటలన్నీ బాగానే పనిచేస్తున్నాయి, పొట్టి మాటలే తప్పుతున్నాయి. ఈ తేడాను మొదట కొట్టిపారెయ్యాలనిపిస్తుంది. కానీ బగ్ విషయంలో ఎక్కడ తప్పుతోందో రాసుకున్నంత శ్రద్ధగా ఎక్కడ తప్పడం లేదో కూడా రాసుకోవాలి. ఇక్కడ దారి చూపింది ఆ రెండో జాబితాయే.

ఇంకో ఆధారం తెర మీదే ఉంది. దొరికిన మాటకు అటూ ఇటూ చదరపు బ్రాకెట్లు పెట్టి చూపించడం ఈ ప్రోగ్రాంకు అలవాటు. 'చోడి' దగ్గర 'చోడ' అయ్యాక బ్రాకెట్ మూసేస్తోంది. గుడి మాత్రం బయట మిగిలిపోయి, కింద అక్షరం లేక చుక్కల వలయం మీద వేలాడుతోంది. ఒక మీటింగ్ మినిట్స్‌లో 'బస్సు దిగి వచ్చి డిపో ఎదురుగా' అని ఉంటే, 'వచ్చి'లోని రెండో చ దగ్గర బ్రాకెట్ తెరిచి 'డిపో'లోని డ దగ్గర మూసింది. మాటల మధ్య ఖాళీని కూడా దాటేసిందన్నమాట. ఇది చూశాక ప్రోగ్రాం 'చోడి'ని ఒక మాటగా చూడటం లేదని, చ, డ అనే రెండు ముక్కలుగా చూస్తోందని అనుమానం గట్టిపడింది.

ఇండెక్స్ లోపల ఏముంది

సెర్చ్ వెనకున్నది ఎస్‌క్యూలైట్‌తో వచ్చే ఎఫ్‌టీఎస్5 అనే ఫుల్ టెక్స్ట్ సెర్చ్. పాఠాన్ని మాటలుగా విడగొట్టే భాగాన్ని టోకెనైజర్ అంటారు, విడగొట్టిన ముక్క టోకెన్, ఏ టోకెన్ ఏ కాగితంలో ఉందో రాసుకునే జాబితా ఇండెక్స్. ఇండెక్స్‌లో నిజంగా ఏ టోకెన్లు ఉన్నాయో చూడ్డానికి ఎఫ్‌టీఎస్5 వొకాబ్ అని ఒక వర్చువల్ టేబుల్ ఉంది. దాన్ని తెరిస్తే ప్రతి టోకెన్, అది ఎన్ని కాగితాల్లో ఉంది, మొత్తం ఎన్నిసార్లు వచ్చింది, అన్నీ వరుసగా కనిపిస్తాయి. ఎఫ్‌టీఎస్5 వాడేవాళ్లలో ఈ టేబుల్ గురించి తెలిసినవాళ్లు తక్కువే అనిపిస్తుంది నాకు. సెర్చ్‌లో తేడా వస్తే అన్నిటికంటే ముందు తెరవాల్సింది ఇదే. కోడ్ చదవడం ఆ తర్వాత.

తెరిస్తే మాటలే లేవు. క, త, న, ర, ల అంటూ ఒంటి హల్లులు, ఒక్కొక్కటీ వేలసార్లు వచ్చినట్టు లెక్కలతో ఉన్నాయి. మధ్యమధ్యలో 'జయనగర' లాంటి ముక్కలు. 'విజయనగరం'లో వ తర్వాతి గుడి దగ్గర ఒకసారి తెగింది, చివర సున్న దగ్గర మరోసారి తెగింది, మధ్యలో గుణింతం లేని అక్షరాలు మాత్రం అతుక్కుని ఉన్నాయి. గుణింతపు గుర్తు వచ్చిన ప్రతిచోటా మాట తెగుతోంది. దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, సున్న, చివరికి ఒత్తు ముందుండే పొల్లు కూడా ఖాళీ కింద లెక్కే.

కారణం ఎస్‌క్యూలైట్ డాక్యుమెంటేషన్‌లోనే స్పష్టంగా రాసి ఉంది. అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్లో సంకేత సంఖ్యలు ఇచ్చే ప్రమాణం యూనికోడ్. అది ప్రతి సంకేతానికీ ఒక వర్గం కేటాయిస్తుంది. మన అచ్చులు, హల్లులు 'లెటర్' వర్గంలోవి. గుణింతపు గుర్తులు 'మార్క్' వర్గంలోవి. ఎఫ్‌టీఎస్5లో మామూలుగా నడిచే టోకెనైజర్ పేరు యూనికోడ్61. మనం వేరే ఏమీ చెప్పకపోతే అది అక్షరాలను, అంకెలను, ప్రైవేటు వాడకానికి వదిలిన సంకేతాలను మాత్రమే మాటలో భాగంగా తీసుకుంటుంది. మార్కులు ఆ జాబితాలో లేవు. కావాలంటే చేర్చుకునే ఆప్షన్ ఉంది. మా ప్రోగ్రాం రాసినవాళ్లు ఆ ఆప్షన్ జోలికి పోలేదు. గిట్‌లో (కోడ్ మార్పులన్నీ నమోదయ్యే చోటు) టేబుల్ సృష్టించే లైను చరిత్ర తీసి చూస్తే మొదటి రోజు నుంచీ అలాగే ఉంది.

పొట్టి మాటలే ఎందుకు తప్పుతున్నాయో కూడా ఇక్కడే తేలిపోయింది. వెతికే మాట కూడా అదే టోకెనైజర్‌లోంచి పోతుంది. 'చోడి' రెండు టోకెన్లుగా విరిగితే ఎఫ్‌టీఎస్5 దాన్ని ఫ్రేజ్‌గా తీసుకుని, చ వెంటనే డ వచ్చిన ప్రతిచోటునూ పట్టుకుంటుంది. చీడలో అదే వరుస, చెడులో అదే వరుస. విజయనగరంలాంటి పొడుగు మాటలో హల్లుల వరుస ఇంకే మాటతోనూ కలవదు, అందుకే అక్కడ అంతా సవ్యంగా ఉన్నట్టు కనిపించింది. దీనికి తోడు, కావలసిన కాగితం రాకుండా పోవడం ఎప్పుడూ జరగలేదు. వస్తోంది, కాకపోతే అక్కర్లేని వాటి మధ్య కూరుకుపోయి. డెమోలో 'శ్రీకాకుళం', 'వ్యవసాయం' అని కొట్టి చూసేవాళ్లకు ఈ బగ్ జన్మలో దొరకదు. రోజూ చోడి, నారు, నీరు అని వెతికేవాళ్లకే దొరుకుతుంది.

ఇక్కడే సరిచేసుకుని ఊరుకోవచ్చుగా?

ఊరుకోవచ్చు. మా డెస్క్‌టాప్‌లో ఆ టేబుల్ సృష్టించే లైను మార్చి, ఇండెక్స్ మళ్లీ కట్టుకుంటే సంఘం వరకు పని అయిపోతుంది. తోటి ప్రోగ్రామర్లు చాలామంది చేసేది ఇదే, తప్పు పట్టను. డబ్బులిచ్చేది ఈ ఆఫీసు పనికే కదా.

నా లెక్క వేరు. ఈ ప్రోగ్రాంకు ఏడాదిలో చాలాసార్లు కొత్త వెర్షన్లు వస్తాయి. వచ్చిన ప్రతిసారీ నా మార్పును మళ్లీ అతికించుకోవాలి. నేను ఊళ్లో లేనప్పుడు ఎవరో అప్‌డేట్ బటన్ నొక్కితే చీడలు తిరిగొస్తాయి. అసలు ప్రాజెక్టులోకే మార్పు ఎక్కితే ఆ కాపలా నా నెత్తిన ఉండదు. దేశసేవ, భాషాసేవ లాంటి పెద్ద మాటలు అవసరం లేదు, ఇది శుద్ధ స్వార్థం.

ఇష్యూ రాయడం

కోడ్ మార్పు ఎంత చిన్నదో చెప్పాను. అసలు శ్రమంతా తెలుగు చదవలేని మనిషికి ఈ తప్పు కళ్లకు కట్టేలా చెప్పడంలో ఉంది. ప్రాజెక్టు పేజీలో నమోదు చేసే ఫిర్యాదును ఇష్యూ అంటారు. పాత ఇష్యూల్లో వెతికితే హిందీలో సెర్చ్ సరిగా రావడం లేదని ఎవరో ఒక వాక్యం రాసి, కింద ఒక స్క్రీన్‌షాట్ పెట్టి ఉన్నారు. 'మా దగ్గర వస్తోంది, మరిన్ని వివరాలు ఇవ్వగలరా' అని ప్రాజెక్టు బాధ్యత చూసే మెయింటైనర్ అడిగారు. జవాబు రాక అది మూతపడింది. వాళ్ల దగ్గర ఎందుకు వచ్చిందో ఇప్పుడు నాకు తెలుసు. పొడుగు మాటతో ప్రయత్నించి ఉంటారు.

అందుకని స్క్రీన్‌షాట్లు పెట్టలేదు. లిపి రానివారికి చోడి, చీడ రెండూ ఒకేలాంటి ముగ్గులు. దాని బదులు సంకేతాల సంఖ్యలు ఇచ్చాను. పైథాన్ లెక్కలో 'చోడి' అంటే 3098, 3147, 3105, 3135. 'చీడ' అంటే 3098, 3136, 3105. మార్కులు తీసేస్తే రెండింట్లోనూ మిగిలేది 3098, 3105. ఈ మూడు వరుసలు చూసినవారికి ఇక తెలుగు రావాల్సిన పని లేదు. ఖాళీ డేటాబేస్‌లో రెండే రెండు రికార్డులు వేసి, ఒకదాన్ని వెతికితే రెండూ వచ్చేలా చిన్న స్క్రిప్టు జతచేశాను. ఎస్‌క్యూలైట్ తప్ప మరేమీ అక్కర్లేకుండా ఎవరి కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది.

చివర్లో ఒక పోలిక రాశాను: ఇంగ్లీషులో అచ్చులన్నీ చెరిపేసి వెతికితే బ్యాట్, బిట్, బట్ మూడూ ఒకటే అవుతాయి, మాకు జరుగుతున్నది అదే. మెయింటైనర్ జవాబు మొదటి వాక్యం ఈ పోలిక గురించే. సంఖ్యలు నమ్మకం కలిగించి ఉండొచ్చు, తీవ్రత అర్థమైంది మాత్రం దీనివల్లే అనుకుంటాను.

ఇంకో మాట కూడా అందులో చేర్చాను. యూనికోడ్ సంస్థ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల (పాఠంలో నమూనాలను బట్టి వెతికే పద్ధతి) కోసం ఇచ్చిన టెక్నికల్ స్టాండర్డ్ 18లో, మాటలో భాగంగా లెక్కించాల్సిన వాటిలో అక్షరాలు, అంకెలతోపాటు మార్కులు కూడా ఉన్నాయి. 'మా భాషకు ప్రత్యేకంగా ఏదో చెయ్యండి' అని అడిగితే అది మొహమాటం వ్యవహారం. ప్రమాణం ఇదీ, ప్రోగ్రాం ఇలా ఉంది అంటే అది బగ్.

రివ్యూలో జరిగిన వాదన

నా మార్పును ప్రాజెక్టులో కలుపుకోమని పుల్ రిక్వెస్ట్ పంపాక వచ్చిన మొదటి సూచన: అన్ని మార్కులూ ఎందుకు, చోటు తీసుకోని మార్కులు చాలవా? యూనికోడ్‌లో మార్కులు ప్రధానంగా రెండు రకాలు, చోటు తీసుకోనివి, తీసుకునేవి. తెలుగులో దీర్ఘం, గుడి, ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం, పొల్లు మొదటి రకం. కొమ్ములు, వట్రసుడి, సున్న, విసర్గ రెండో రకం. మొదటి రకం మాత్రమే చేరిస్తే 'చోడి' బాగుపడుతుంది. 'పంట' మాత్రం ప, ట అని తెగుతూనే ఉంటుంది. టెస్టుల్లో చోడి ఒక్కటే పెట్టి ఉంటే ఈ సగం మందు పాసైపోయేది. అందుకే 'పులి', 'పంట', 'నారు' కూడా పెట్టాను.

రెండో సూచనకు కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. ఎస్‌క్యూలైట్‌లో 3.34 వెర్షన్, అంటే 2020 డిసెంబరు నుంచి ట్రైగ్రామ్ అనే టోకెనైజర్ ఉంది. మాటల హద్దులు పట్టించుకోకుండా పాఠాన్నంతా మూడేసి సంకేతాల ముక్కలుగా కోసి పెడుతుంది. 'ఏ భాషకైనా సరిపోతుంది, వర్గాల గొడవే ఉండదు, ఇది వాడదాం' అన్నారు. మాట మధ్యలో ఉన్నా దొరుకుతుంది కాబట్టి విభక్తులు అతుక్కునే తెలుగుకు పైకి చూస్తే బాగానే ఉంటుందనిపిస్తుంది. కానీ 'వరి' అని వెతికి చూడండి. జనవరి, ఫిబ్రవరి, ఎవరికి, వివరించారు, ఆవరించి, అన్నిటి కడుపులోనూ వరి ఉంది. మీటింగ్ మినిట్స్‌లో 'కార్యదర్శి వివరించారు' లేని పేజీ ఉండదు, జనవరి తారీఖు వేసిన కాగితాలకు కొదవ ఉండదు. పైగా మూడు సంకేతాల కంటే చిన్న మాట, ఉదాహరణకు 'కల', ట్రైగ్రామ్‌లో అసలే దొరకదు. ఇండెక్స్ సైజు పెరుగుతుంది. ఈ ఉదాహరణలను మళ్లీ సంఖ్యల్లో రాసి పెడితే ఆ సూచన వెనక్కి తీసుకున్నారు. చోడికి, చోడిలో లాంటి రూపాల కోసం మాట చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతికే సౌకర్యం ముందే ఉంది, అది ఇప్పుడు సరిగ్గా పనిచేస్తుంది.

ఈలోగా మా డెస్క్‌టాప్‌లో కొత్త ఇండెక్స్‌తో పరీక్షిస్తుంటే మరో వింత బయటపడింది. 'రైతు' అని వెతికితే కొన్ని కాగితాలు వస్తున్నాయి, కొన్ని రావడం లేదు. రైతు సంఘంలో రైతు దొరక్కపోవడం ఏమిటి! రానివాటి శీర్షికలు తీసి సంఖ్యలు చూస్తే ఐత్వం రెండు రకాలుగా ఉంది. ఒకచోట 3144 అనే ఒకే సంకేతం. మరోచోట 3142, 3158 అనే రెండు: ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు. తెర మీద రెండూ అచ్చం ఒకటే. యూనికోడ్ దృష్టిలోనూ రెండూ సమానమే, కానీ టోకెనైజర్ బైట్లను పోల్చుకుంటుంది తప్ప ఆ సమానత్వాన్ని చూడదు. తెలుగు బ్లాకు మొత్తంలో ఇలా రెండుగా విడిపోయే గుర్తు ఐత్వం ఒక్కటే. కన్నడలో ఐదు ఉన్నాయి.

ఆ విడిపోయిన ఐత్వాలు ఎక్కడివి? కొన్ని ఫైళ్లు ఒక పాత మ్యాక్ కంప్యూటర్ నుంచి వచ్చాయి. అప్పటి మ్యాక్‌లలో ఉండే హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి ఫైలు పేర్లను విడదీసిన రూపంలోనే దాచుకునేది. మా ప్రోగ్రాం ఫైలు పేరునే శీర్షికగా తీసుకుంటుంది. శీర్షికలోనే 'రైతు', 'శ్రీచైతన్య' (ఇదీ ఒక చోడి రకమే) ఉన్న కాగితాలు మాయమైపోయినట్టు కనిపించింది అందుకే. పాత ఇండెక్స్‌లో గుణింతాలన్నీ ఎటూ రాలిపోయేవి కాబట్టి ఈ తేడా బయటపడే అవకాశమే లేదు. ఒక బగ్ ఇంకో బగ్‌ను కప్పిపెట్టింది.

దీనికి మందు తెలిసిందే. ఇండెక్స్‌లోకి పోయే పాఠాన్నీ, వెతికే మాటనూ ముందుగా, విడిపోయిన గుర్తులను ఒకే సంకేతంగా కలిపే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చాలి. పైథాన్‌తో వచ్చే యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోనే ఆ పని చేసే ఫంక్షన్ ఉంది. 'మనం దాచిన పాఠం వాడకందారు ఇచ్చిన పాఠం కంటే ఒక్క బైటు కూడా తేడాగా ఉండకూడదు' అని మెయింటైనర్ పట్టుబట్టారు. న్యాయమైన పట్టుదలే, కాగితాలు భద్రపరిచే ప్రోగ్రాం కదా. అందుకని అసలు పాఠం అసలు టేబుల్‌లో తాకకుండా ఉంటుంది, మార్చిన రూపం సెర్చ్ టేబుల్‌లో మాత్రమే ఉంటుంది.

రివ్యూలో మూడో అంశం జడ్‌డబ్ల్యూఎన్‌జే, పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే, 8204 సంఖ్య గల కంటికి కనిపించని గుర్తు. 'ప్యాకెట్‌లు' అని పొల్లు విడిగా కనపడేలా రాయడానికి వాడతాం. కొందరి కీబోర్డులో అది పడుతుంది, కొందరిది 'ప్యాకెట్లు' అని ఒత్తుగా కలిసిపోతుంది. వెతికేటప్పుడు రెండూ ఒకటే కావాలి. అన్నిచోట్లా తీసేద్దామని నేను రాస్తే, పర్షియన్ తెలిసిన ఒక రివ్యూయర్ అడ్డుపడ్డారు. అక్కడ మాట లోపలి భాగాలను వేరుచేసి రాయడానికి ఇదే గుర్తును వాడతారు, దాన్ని తీసెయ్యాలా ఖాళీగా మార్చాలా అన్నది వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. చివరికి కుదిరిన నియమం ఇది: ముందున్న సంకేతం పొల్లు అయితేనే 8204ను తీసెయ్యాలి. భారతీయ లిపుల పొల్లులన్నిటికీ యూనికోడ్‌లో 9 అనే కంబైనింగ్ క్లాస్ (గుర్తులకు ఇచ్చే ఒక వర్గ సంఖ్య) ఉంటుంది కాబట్టి, లిపుల జాబితా ఏదీ రాయకుండానే ఒక్క షరతుతో సరిపోయింది. నేను మొదట రాసినదానికంటే ఇది మెరుగు. పర్షియన్ పాఠం జోలికి పోదు, కన్నడకూ బెంగాలీకీ కూడా వర్తిస్తుంది.

పాత ఇండెక్స్‌ల సంగతి

ఎఫ్‌టీఎస్5 టేబుల్‌కు టోకెనైజర్ సృష్టించేటప్పుడే ఖాయమవుతుంది, తర్వాత మార్చలేం. కాబట్టి ఇప్పటికే వాడుతున్నవాళ్లందరి దగ్గరా పాత టేబుల్ తీసేసి కొత్తది కట్టాలి. డేటాబేస్ ఫైలులో ప్రోగ్రాం తన వెర్షన్ సంఖ్య రాసుకోవడానికి యూజర్ వెర్షన్ అని ఒక చోటు ఉంటుంది. అది పాతదైతే ప్రోగ్రాం తెరిచినప్పుడు ఒకసారి మళ్లీ కట్టేలా చేశాం. ఇదంతా ఒకే ట్రాన్సాక్షన్ లోపల జరగాలని నేను పట్టుబట్టాను. ఎస్‌క్యూలైట్‌లో టేబుల్ తీసెయ్యడం, సృష్టించడం కూడా ట్రాన్సాక్షన్‌లోకి వస్తాయి. మధ్యలో కరెంటు పోతే పాత ఇండెక్స్ అలాగే ఉండాలి తప్ప సగం కట్టినది మిగలకూడదు. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిన ఆఫీసులో పనిచేసేవాళ్లకు ఇది ముందు తడుతుంది. మెయింటైనర్‌కు ఇది అతిజాగ్రత్త అనిపించినా, అడ్డు చెప్పలేదు.

టెస్టుల్లో తెలుగు మాటలను నేరుగా టైప్ చెయ్యలేదు, అన్నీ సంకేత సంఖ్యలుగానే రాశాను. విడిపోయిన ఐత్వాన్ని నేరుగా పెడితే ఏ ఎడిటరో సేవ్ చేసేటప్పుడు కలిపేస్తే టెస్టు పాసవుతుంది, పరీక్షించాల్సింది మాత్రం పరీక్షించదు. పక్కన కామెంటులో మాట, దాని అర్థం.

మాటలు సూచించే పెట్టె

ఈ పని చేస్తుండగా కనపడిన చిన్న విషయం. సెర్చ్ పెట్టెలో టైప్ చెయ్యడం మొదలుపెడితే కింద మాటలు సూచించే సౌకర్యం ఉంది. తెలుగులో అది త, ల, గ అని ఒంటి అక్షరాలే చూపిస్తుండేది. దీనికీ ఎఫ్‌టీఎస్5కూ సంబంధం లేదు. పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల లైబ్రరీలో మాట అక్షరాన్ని సూచించే గుర్తు కూడా మార్కులను మాటలో భాగంగా తీసుకోదు. ఈ సంగతి మీద పైథాన్ బగ్ ట్రాకర్‌లో 2011లోనే ఫిర్యాదు ఉంది. బయటి రెజెక్స్ మాడ్యూల్ వాడితే సరిపోతుంది, కానీ ఒక చిన్న సౌకర్యం కోసం ఇంకో ప్యాకేజీ మీద ఆధారపడటం ప్రాజెక్టుకు ఇష్టం లేదు.

పరిష్కారం ఆ కోడ్‌ను బాగుచెయ్యడం కాదు, తీసెయ్యడం. ఇండెక్స్ సరైపోయాక వొకాబ్ టేబుల్‌లో మాటలన్నీ పూర్తిగా, లెక్కలతో సహా సిద్ధంగా ఉన్నాయి. సూచనలు అక్కడి నుంచే తెస్తే పైథాన్‌లో విడిగా మాటలు ఏరే ఫంక్షన్ మొత్తం అనవసరం. ఈ పుల్ రిక్వెస్ట్‌లో కలిపినవాటికంటే తీసేసిన లైన్లే ఎక్కువ. ఒకే ఒక్క నష్టం, ఇంగ్లీషు పేర్లు సూచనల్లో చిన్న బడి అక్షరాల్లో కనిపిస్తాయి, ఎందుకంటే టోకెనైజర్ అన్నిటినీ అలా మార్చి దాచుకుంటుంది. దాని మీద కాసేపు చర్చ నడిచి, పరవాలేదనుకున్నారు. మొత్తం పనిలో నాకు బాగా నచ్చినది ఇదే.

ఇప్పుడు

మార్పులన్నీ విడుదలైన వెర్షన్‌లోకి వచ్చాక సంఘం డెస్క్‌టాప్‌లో నా సొంత మార్పు తీసేసి, అందరూ వాడేదే పెట్టాను. చోడికి చోడి వస్తోంది, నారుకు నారు వస్తోంది. మూతపడిన ఆ హిందీ ఇష్యూ కింద కూడా ఒక వాక్యం రాసి, సరిచేసిన వెర్షన్ చెప్పాను.

పూర్తికానివి ఉన్నాయి. చోడి బహువచనం చోళ్లు. నక్షత్రం గుర్తు దీనికి పనిచెయ్యదు, డి పోయి ళ్లు వచ్చింది కదా. తెలుగు వ్యాకరణమంతా ఒక కాగితాల ప్రోగ్రాంలోకి ఎక్కించమని అడగడం నాకే సబబు అనిపించలేదు. బదులుగా, ఎవరికి వారు సమానమైన మాటల జాబితా ఇచ్చుకునే సౌకర్యం కావాలని ఇష్యూ తెరిచాను: చోడి, చోళ్లు, రాగి, రాగులు. అది ఇంకా చర్చలో ఉంది. మా జాబితాను రికార్డులు చూసే అమ్మాయే తయారుచేస్తోంది, అందులో నేనెప్పుడూ వినని విత్తనాల పేర్లు కూడా ఉన్నాయి.

ఇంతకంటే పెద్ద తలనొప్పి పాత డీటీపీ ఫైళ్లు. యూనికోడ్ వాడకంలోకి రాకముందు ఫాంట్లలో ఇంగ్లీషు సంకేతాల మీద తెలుగు ఆకారాలు గీసి పెట్టేవారు. ఫాంటు ఉంటే తెలుగులా కనిపిస్తుంది, లోపల మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఏ టోకెనైజరూ అందులోంచి మాటను తియ్యలేదు. దీన్ని ఆ ప్రాజెక్టు మీద రుద్దడం సరికాదని, కాగితం లోపలికి పోయేముందే యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం విడిగా ఉండాలని మెయింటైనర్, నేను ఒక అభిప్రాయానికి వచ్చాం. వేగావతి అనే చోడి రకం సాగు మీద కరపత్రం ఒకటి ఆ ఫైళ్లలో ఉందని సంఘం వాళ్లు చెప్పారు. ఒత్తులు ఏ సంకేతం మీద ఉన్నాయో చూసుకుంటూ దానితోనే మొదలుపెట్టాను.